పెద్ద మనసూ, పెద్ద కాలేయమూ

మా పాలకుర్తిలో నాకు పెద్ద మనసు గల మనిషినని పేరు. ఎవరింట్లో పెళ్ళి తలపెట్టినా సకినాలు చుట్టడానికి ముందుగా నాకే కబురొస్తుంది. వాడకట్టులో ఎవరికి జ్వరం తగిలినా జావ కాచి పంపేది నేనే. అంతటి దాన్ని, మూడేళ్ళ కిందట మా అమ్మాయి పోరు పడలేక జనగామ వెళ్ళి స్కానింగు తీయించుకుంటే, పెద్దదని తేలింది నా మనసు కాదు, నా కాలేయం! 17 సెంటీమీటర్ల పైచిలుకు ఉందట. కొవ్వు పట్టి వాచిందట. రెండో గ్రేడట. చదువుకునే రోజుల్లో ఏ గ్రేడూ రాని దానివి, ఇన్నాళ్ళకు రెండో గ్రేడులో ప్యాసయ్యావని మావారు జోకు వేశారు గాని, ఆయన చేతిలో కాగితం వణకడం నేను చూడకపోలేదు.

అంతకు ముందు కాలేయమంటే నాకు తెలిసిందల్లా ఆదివారం నాడు మటన్ కొట్టువాడు కొసరుగా వేసే కార్జమే. మనలోనూ అలాంటిదొకటి ఉందనీ, కుడివైపు పక్కటెముకల చాటున దాదాపు కిలోన్నర బరువుతో కూర్చుని ఉంటుందనీ, తిన్న ప్రతి ముద్దా దాని చేతి మీదుగానే పోతుందనీ ఎవరు చెప్పారు? పైగా దానికి లోపల నొప్పి తెలియదట. ఎంత బరువు వేసినా కిక్కురుమనకుండా మోస్తుందట. వాచి వాచి, పైనున్న పొర సాగినప్పుడు మాత్రం డొక్కలో కాస్త బరువుగా అనిపిస్తుందట. వింటుంటే ఎవరో తెలిసిన ఇల్లాలి సంగతి చెబుతున్నట్లు లేదూ?

స్కానింగు కాగితం పట్టుకుని హనుమకొండలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. మంచి మనిషి. కళ్ళజోడు పైకి తోసుకుని, చాలా మర్యాదగా, "అమ్మా, మందు అలవాటుందా? కల్లుగాని, ఇంకేదన్నాగాని?" అని అడిగింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా వైపు పొలం పనుల నుంచి వచ్చిన ముసలమ్మలు పొద్దుగూకే వేళ ముంతెడు కల్లు తాగడం ఎవరూ తప్పు పట్టరు. ఆ సంగతి నాకూ తెలుసు. కాని నేను బడిపంతులు భార్యను! శనివారం ఒంటిపూట ఉండేదాన్ని! "మా ఇంటా వంటా లేదమ్మా" అన్నాను గట్టిగా. అన్నానే గాని గొంతులో ఏదో అడ్డుపడింది. ఎందుకంటే అది పూర్తిగా నిజం కాదు. మా మరిది ఉన్నాడు. ఆ సంగతి తరువాత చెబుతాను.

ఆ ప్రశ్న అడగక తప్పదని డాక్టరమ్మే వివరించింది. 1980లో అమెరికాలో మేయో క్లినిక్‌లో పనిచేసే లుడ్విగ్ అనే డాక్టరు, ఆయన తోటివారూ కలిసి 20 మంది రోగుల గురించి ఒక వ్యాసం రాశారట. వాళ్ళ కాలేయం ముక్క తీసి భూతద్దం కింద చూస్తే అచ్చం తాగుబోతు కాలేయంలాగే ఉందట. కాని వాళ్ళు తాగేవాళ్ళు కాదు. ఎక్కువమంది కాస్త ఒళ్ళున్న ఆడవాళ్ళే. అంతవరకు ఆ జబ్బుకు పేరు కూడా లేదట. ఆ ఇరవై మందిలో ఎంతమంది నాలాగే డాక్టరు ముందు కూర్చుని "మా ఇంటా వంటా లేదు" అని ఒట్లు వేసి ఉంటారో, ఎంతమంది భర్తలు భార్యల వంక అదోలా చూసి ఉంటారో ఊహించుకోండి.

మరి తాగకుండా ఇది ఎలా వచ్చినట్లు? అది చెప్పాలంటే మా వంటింట్లోకి రావాలి.

మా అత్తమ్మకు ఎనభై దాటాయి. "బుక్కెడన్నం పారేస్తే పాపం తగులుతది బిడ్డా" అన్నది ఆమె నాకు కాపురానికొచ్చిన రోజున చెప్పిన మొదటి పాఠం. తప్పుగా చెప్పలేదు. ఆమె చిన్ననాడు ఇంట్లో రోజూ జొన్న గట్కే, వరి బువ్వ పండుగనాడు. అలాంటి మనిషి కళ్ళముందు అన్నం పెంట మీదికి పోతే ఆమె ప్రాణం ఎలా ఒప్పుకుంటుంది? కాని పారవెయ్యకుండా ఉండాలంటే ఎవరో ఒకరు తినాలి గదా. పిల్లలు వదిలింది నేనే తిన్నాను. మావారు వద్దన్న నాలుగో గారె నేనే తిన్నాను. రాత్రి మిగిలిన పులుసూ, పొద్దుటి ఉప్మా, ఆడపడుచు తెచ్చిన బాలుషాహి, అన్నీ కలిపి ముప్ఫై ఏళ్ళపాటు మా ఇంట్లో ఏదీ వృథా కాలేదు. ఊళ్ళో బతుకమ్మకు ఐదు ఇళ్ళ మలీద ముద్దలు పంచితే ఐదూ రుచి చూసి మెచ్చుకోవాలి, లేకపోతే వాళ్ళు నొచ్చుకుంటారు. పెద్ద మనసంటే అదీ!

ఇంతవరకు చెప్పింది నలుగురికీ చెప్పుకోగలిగిన సంగతి. చెప్పుకోలేనిది ఇంకొకటుంది. మా సామాన్ల అర్రలో బియ్యం డ్రమ్ము వెనక ఒక స్టీలు డబ్బా ఉండేది. అందులో మైసూరుపాకో, లడ్డూలో, ఏదీ లేకపోతే బెల్లం ముక్కలూ పల్లీలూ. మధ్యాహ్నం అందరూ కునుకు తీసేవేళ ఆ చీకటి గదిలోకి వెళ్ళి, నిలుచునే రెండు తిని, మూతి తుడుచుకుని బయటికి వచ్చేదాన్ని. ఎందుకు దాచుకోవాలి, నా ఇంట్లో నేను? తెలియదు. ఆ రెండు నిమిషాలూ ఎవరి కోసమూ కాదు, నా కోసం అనిపించేది. ఒకసారి డబ్బాకు చీమలు పట్టాయి. మర్నాడు చూస్తే ఎవరో పళ్ళెంలో నీళ్ళు పోసి డబ్బాను అందులో పెట్టారు. నా గుండె గుభేలుమంది. అత్తమ్మే అయివుంటుంది, చూసీ చూడనట్లు ఊరుకుంది అనుకున్నాను. ఆమె అనలేదు, నేను అడగలేదు.

డాక్టరమ్మ రక్తపరీక్షలన్నీ చేయించింది. కామెర్ల వైరసులు లేవని తేలింది. షుగరు గడప దగ్గరికి వచ్చి నిలుచుంది. దానికొక మాత్ర, కొలెస్టరాలుకొక మాత్ర రాసి, "అసలు మందు ఇవి కావమ్మా. నీ బరువులో పదో వంతు తగ్గించు చాలు, మిగతా పని అదే చేసుకుంటుంది" అంది. అప్పుడు నేను 78 కిలోలు. ఏడు శాతం తగ్గినా వాపు తీస్తుందట, పది తగ్గితే గట్టిపడడం మొదలైన చోట కూడా మెత్తబడే అవకాశం ఉందట. కాలేయానికి అంతటి దయ ఉంది. మూడింట రెండు వంతులు కోసి తీసేసినా మిగిలిన భాగం మళ్ళీ పెరిగి పూర్తి బరువుకు వస్తుందని చెబితే నేను నమ్మలేదు. మావారు కూడా అవునన్నాక నమ్మాను. ఆయన చెప్పింది తెలుగు పాఠాలే అయినా సైన్సు మాట ఆయన చెబితేనే నాకు నమ్మకం.

పక్కింటామె ఎవరి దగ్గరనుంచో పసరు తెస్తానంది. నేల ఉసిరి నూరి మూడు పూటలు మింగమని ఇంకొకామె. ఏమేమి కలిపారో తెలియని పసర్లు అసలే అలిసిన కాలేయాన్ని ఇంకా దెబ్బతీస్తాయని డాక్టరమ్మ ముందే హెచ్చరించింది కాబట్టి ఇద్దరికీ దండం పెట్టాను. ఇద్దరూ నొచ్చుకున్నారు. పెద్ద మనసుకు మొదటి చిల్లు అక్కడ పడింది.

మూడు గిద్దెల బియ్యపన్నం ఒక గిద్దెకు వచ్చింది. రాత్రి జొన్నరొట్టె, గిన్నెడు ఆకుకూర పప్పు, ఏడున్నరకల్లా భోజనం ముగింపు. చాయ్‌లో చక్కెర మానడం అన్నిటికంటే కష్టం. మొదటి వారం తలనొప్పి, చిరాకు, ఎవరన్నా పలకరిస్తే ఏడుపు. చక్కెర లేని కాఫీ తాగేవారిలో కాలేయం గట్టిపడడం తక్కువగా కనిపిస్తోందని డాక్టరమ్మ అంటే, ఆ చేదు కూడా అలవాటు చేసుకున్నాను. నేను జొన్న గట్క కాచుకుంటుంటే మా అత్తమ్మ చూసి పడీ పడీ నవ్వింది. "మేం గట్క తిని ఎప్పుడు బియ్యం తింటమా అని ఏడ్సినం. మీరు బియ్యం తిని గట్కకొచ్చిండ్రు!" అంది. నవ్విందే గాని, మర్నాటినుంచి మిగిలిన అన్నం నా గిన్నెలో వెయ్యడం తనే మానేసింది. కుడితి కుండలోకి వేసి, "బర్రె తిన్నా పాపం లేదు తియ్" అనేది. ఆ ఒక్క మాటతో ముప్ఫై ఏళ్ళ పాపభారం నా నెత్తిమీద నుంచి దిగింది.

ఇక నడక. మా ఊరు పాల్కురికి సోమనాథుడు పుట్టిన ఊరని మీకు తెలిసే ఉంటుంది. ఊరిని ఆనుకుని ఉన్న గుట్టమీద గుహల్లో సోమేశ్వరుడూ, లక్ష్మీనరసింహస్వామీ వెలిశారు. పొద్దున్నే ఆ గుట్ట చుట్టూ నడవడం మొదలుపెట్టాను. ఆ గుట్ట గురించి అత్తమ్మ చెప్పే కథ ఒకటుంది. ఎప్పుడో ఒక ముసలమ్మ రోజూ దాని చుట్టూ ప్రదక్షిణం చేసేదట. చేసి చేసి, ఒకనాడు కాళ్ళు రాక "ఇగ నా తోని కాదు సామీ" అని కూలబడిందట. స్వామి గుట్టను రెండుగా చీల్చి నడుమ నుంచి దారి ఇచ్చాడట. ఆ చీలిక దారి ఇప్పటికీ ఉంది. నేను ఒక్కనాడు కూడా దానిలోంచి పోలేదు. కావాలనే పోలేదు. చుట్టూ తిరిగేదాన్ని. మొదట్లో ఒక చుట్టుకే ఆయాసం వచ్చేది, తరువాత రెండయ్యాయి, మూడయ్యాయి.

తొమ్మిది నెలల్లో 71 కిలోలకు వచ్చాను. రెండోసారి స్కానింగులో కొవ్వు దాదాపు పోయింది, కాలేయం తన చోటికి తాను సర్దుకుంది. డాక్టరమ్మ నా రిపోర్టు పక్క గదిలోని రోగులకు చూపించింది. ఊళ్ళో నా పేరు ఇంకా పెరిగింది. ఆడవాళ్ళు మా ఇంటికొచ్చి జొన్నరొట్టె ఎలా తట్టాలో అడిగేవాళ్ళు. నేను చెప్పేదాన్ని, చివర్లో ఒక మాట కలిపేదాన్ని: "మనసు గట్టిగ ఉంటే ఏదైనా అయితది."

ఆ మాట వింటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది. ఎందుకో చెప్పాలంటే మా మరిది దగ్గరికి రావాలి.

మా మరిదిది మా పక్కిల్లే. నడుమ గోడ ఉంది గాని దర్వాజా ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పనిమంతుడు. కోత అయ్యాక మా వడ్ల బస్తాలు కూడా తనే దించి అర్రలో సర్దిపెట్టేవాడు. మొదట్లో పండుగకో దావత్‌కో తాటిచెట్ల కింద కల్లు. తరువాత సీసా. తరువాత సీసా ఒకటే. అతనికి కూడా కాలేయం వాచింది, నాకంటే ముందే. కాని నా స్కానింగు రాగానే చుట్టాలు పండ్లు పట్టుకుని వచ్చారు. అతని స్కానింగు వచ్చినప్పుడు ఒక్కరూ రాలేదు. "చేసుకున్నోనికి చేసుకున్నంత" అన్నారు. నేనూ అన్నాను.

ఆడవాళ్ళం అలా అనడానికి కారణాలు లేకపోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగడి మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా ఆగింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. వాళ్ళు కర్ర పట్టుకుని రోడ్డెక్కింది కాలేయం గురించి పాఠం చెప్పడానికి కాదు. కూలి డబ్బు ఇంటికి రాక, వచ్చిన మనిషి చేతిలో దెబ్బలు పడలేక. తాగేవాణ్ణి చూసి జాలిపడండి అని ఆ తల్లులకు ఎవరన్నా చెప్పి ఉంటే ఏమని బదులు చెప్పి ఉండేవారో!

నా సంగతి వేరు. నాది దెబ్బతిన్న కోపం కాదు. ప్యాసయిన పిల్ల ఫెయిలయిన పిల్లను చూసే చూపు. అది ఆ దసరాకు బయటపడింది. మరిది కూతురి పెళ్ళయ్యాక వచ్చిన మొదటి పండుగ, కొత్త అల్లుడు వచ్చాడు. జమ్మి పెట్టుకుని అందరూ వాకిట్లో కూర్చుని ఉన్నారు. నేను గడ్డివాము దగ్గరికి వెళ్ళి, అతను అక్కడ దాచుకున్న సీసా తీసుకొచ్చి మంచం మీద అల్లుడి ముందు పెట్టాను. "ఇదీ మీ మామగారి దసరా" అన్నాను. "నేను తగ్గించుకోలేదా? మనసుంటే నీకెందుకు కాదు?" అని కూడా అన్నాను. అతనికి బుద్ధి రావాలనే అన్నాననుకున్నాను అప్పుడు.

ఎవరూ మాట్లాడలేదు. పిల్ల లోపలికి పోయి ఏడ్చింది. మరిది లేచి నా వంక ఒక చూపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. ఏదో అనబోయి ఆగినట్లు చూసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ తరువాత నాలుగు నెలలు మా గడప తొక్కలేదు. సంక్రాంతి వెళ్ళేసరికి కాళ్ళు వాచి, కళ్ళు పచ్చబడి ఉన్నాడు. నా మాటవల్లే అని నేననను. అలా అనుకోవడం కూడా ఒకరకం గర్వమే. కాని నా మాట అతనికి ఏ మేలూ చెయ్యలేదన్నది మాత్రం ఖాయం.

మావారు అతన్ని హనుమకొండ తీసుకువెళ్ళారు. నేనూ వెళ్ళాను. డాక్టరమ్మ అతని పాత స్కానింగూ, నా మొదటి స్కానింగూ పక్కపక్కన పెట్టి చూసింది. "పేర్లు తీసేస్తే ఏది ఎవరిదో నేను కూడా చెప్పలేనమ్మా" అంది. బొమ్మలో కొవ్వు కనిపిస్తుంది గాని అది లడ్డూ నుంచి వచ్చిందో సీసా నుంచి వచ్చిందో కనిపించదట. కాలేయానికి తాగుడు పాపమనీ, తిండి పుణ్యమనీ తేడా తెలియదు.

ఆమె ఇంకో రెండు సంగతులు చెప్పింది. 2008లో అమెరికాలో డల్లాస్ నగరపు పరిశోధకులు కాలేయంలో కొవ్వు పేరుకునేలా చేసే ఒక జన్యువును పట్టుకున్నారట. అది ఉన్నవాళ్ళు ఎక్కువ తింటే తిండితో చెడతారు, తాగితే తాగుడుతోనూ మిగతావాళ్ళకంటే త్వరగా చెడతారు. ఒకే జన్యువు రెండిళ్ళనూ ముంచుతుంది. రెండోది, 2023లో వివిధ దేశాల కాలేయ వైద్యులు కలిసి నా జబ్బు పేరే మార్చేశారు. 'తాగుడు వల్ల కాని కొవ్వు కాలేయం' అనే అర్థం వచ్చే పాత పేరులో ఒక పక్క తాగుడు ప్రసక్తీ, ఇంకో పక్క ఒళ్ళున్నవాళ్ళన్న ఎత్తిపొడుపూ ఉన్నాయని, రోగులు చిన్నబుచ్చుకుంటున్నారని మార్చారట. నాకు ముచ్చటేసింది. నా బోటి వాళ్ళ మనసు నొచ్చుకోకుండా ప్రపంచమంతా కూర్చుని పేరు మార్చింది. మా మరిది జబ్బు పేరులో మాత్రం తాగుడు అలాగే ఉండిపోయింది.

బస్సులో వస్తూ నేను ఆలోచించింది ఇది. మనం జాలిని తప్పును బట్టి తూకం వేసి ఇస్తాం. తప్పు తక్కువైతే జాలి ఎక్కువ, తప్పు ఎక్కువైతే జాలి తక్కువ. చూడడానికి ఇది న్యాయంగానే ఉంది. కాని నా తప్పు తక్కువని తూచింది ఎవరు? లడ్డూ తినడం పరువైన పని, తాగడం పరువు తక్కువ పని, అంతే తేడా అయితే తూకంలో పెట్టింది తప్పును కాదు, పరువును. అతను గడ్డివాములో దాచాడు, నేను బియ్యం డ్రమ్ము వెనక దాచాను. అతను మానలేకపోయాడు, నేను మానగలిగాను. ఇక్కడ కూడా నా గొప్ప ఎంత? నేను చక్కెర మానితే తలనొప్పి వచ్చింది. బాగా అలవాటు పడ్డవాడు మందు ఒక్కసారిగా మానితే చేతులు వణుకుతాయి, మూర్ఛలు వస్తాయి, మతి తప్పుతుంది, డాక్టరు చూపులో లేకపోతే ప్రాణానికే ముప్పు. ఆ సంగతి తెలియకుండానే నేను "మనసుంటే మానొచ్చు" అన్నాను. నాకు స్కానింగుకు డబ్బు పంపే కూతురు ఉంది. నాతోపాటు జొన్నరొట్టె తిన్న భర్త ఉన్నాడు. మిగిలిన అన్నం బర్రెకు వేసిన అత్తమ్మ ఉంది. నా మనసు గట్టిది అనుకున్నదాంట్లో ఇంతమంది చేతులు ఉన్నాయి. అతని పక్కన అప్పుడు ఎవరున్నారు? సాయంత్రమయితే పిలిచే స్నేహితులు తప్ప!

ఇంత గొప్ప ఆలోచన చేసిన ఊపులో మా యారాలి దగ్గరికి వెళ్ళి, నా డబ్బా సంగతి మొదటిసారిగా బయటపెట్టి, "నాదీ అతనిదీ ఒకటే తప్పే చెల్లె, మనం జాలిపడాలె" అన్నాను. ఆమె చేటలో బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నీ లడ్డూల డబ్బతోని ఎవ్వరి పుస్తెలన్న తాకట్టుకు పోయినయా అక్కా?" అంది.

నా నోట మాట లేదు. ఆమె చెప్పింది నిజం. కాలేయాలు రెండూ ఒకటే కావచ్చు, ఇళ్ళు రెండూ ఒకటి కావు. నేను తింటే నా ఒళ్ళే చెడింది, అతను తాగితే ఆమె మెడ బోసిపోయింది. తప్పును లెక్కలోంచి తీసేస్తే ఆమె పుస్తెలు కూడా లెక్కలోంచి పోతాయి. వదినెగా జాలిపడడం నాకు చౌక. దాని ఖరీదు కట్టాల్సింది ఆమె. మరి నేనేం చెయ్యాలి? తప్పు తప్పేనని ఆమెతోపాటు ఒప్పుకుంటూనే, వైద్యానికి తప్పు అడ్డు రాకుండా చూడడం ఒక్కటే నా చేతిలో ఉందనిపించింది. ఆమెను క్షమించమని అడగడం మానేశాను. నా గొలుసు అమ్మి ఆమె పుస్తెలు విడిపించాను. మావారికి తరువాత చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "స్కానింగు తీయించుకున్నందుకు బాగానే ఖర్చయింది" అన్నారు.

మరిదిని పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంచి, మందులిచ్చి, మెల్లగా మాన్పించారు. కాలేయంలో గట్టిపడడం కొంత మొదలైందట, అది పూర్తిగా పోతుందని డాక్టరమ్మ మాట ఇవ్వలేదు. ముందుకు పోకుండా ఆపవచ్చని మాత్రం అంది. ఉగాది నాటికి వాపు దిగింది. నడుమ ఒకసారి జారాడు, మళ్ళీ తనంతట తనే డాక్టరమ్మకు ఫోను చేశాడు. అప్పుడు మాత్రం నేనేమీ అనలేదు. యారాలు అనాల్సినవన్నీ అంది. అది ఆమె హక్కు.

మొన్న ఒకనాడు పొద్దున్నే నేను నడకకు బయల్దేరుతుంటే గోడ దర్వాజా దగ్గర నిలుచుని, "నేనూ వస్త వదినె" అన్నాడు. ఇద్దరం గుట్ట దాకా వెళ్ళాం. సగం చుట్టు తిరిగేసరికి అతనికి ఆయాసం వచ్చింది. ఇదివరకైతే "ఇంత దానికేనా" అనేదాన్నేమో. నేనే ముందు చీలిక దారివైపు మళ్ళాను. ఇన్నేళ్ళలో దానిలోకి అడుగు పెట్టడం నాకదే మొదలు. లోపల రెండు పక్కలా రాయి చల్లగా ఉంది. నడుమ ఒక బండ ఉంటే దానిమీద కూర్చున్నాం.

దసరానాటి మాట ఎత్తాలని చాలాసేపు ప్రయత్నించాను. చివరికి, "ఆనాడు నేను అందరి ముందర అట్ల చెయ్యకుండా ఉండాల్సింది" అన్నాను. అతను కండువాతో మెడ తుడుచుకున్నాడు. కొంచెంసేపు చీలికలోంచి కనిపించే ఆకాశం వంక చూశాడు.

"నీ డబ్బ సంగతి నాకు పదేండ్ల సంది తెలుసు వదినె" అన్నాడు. "వడ్ల బస్తాలు దించుతుంటే కనవడ్డది. చీమలు పట్టినయని పళ్ళెంల నీళ్ళు పోసి పెట్టింది నేనే."

నేను అతని మొహం వంక చూడలేకపోయాను.

"లే వదినె," అన్నాడు, "ఎండెక్కుతంది."